రాజు పేరా, ఊరి పేరా

శ్రీరాంపూర్ అనే ఊరు గోదావరికి ఇటొకటి, అటొకటి ఉంది. ఇటుది పెద్దపల్లి జిల్లాలోని కాల్వశ్రీరాంపూర్. అటుది మంచిర్యాల పక్కన సింగరేణి గనుల శ్రీరాంపూర్. పాత జిల్లాల లెక్కలో ఒకటి కరీంనగర్‌ది, రెండోది ఆదిలాబాద్‌ది. ఈ రెండింటినీ కలుపుకొని ఒక గీత గీసి, ఎగువన ధర్మపురి దాకా, దిగువన మంథని దాకా సాగదీస్తే, తెలుగు నేల మీద పాత నాణేలు ఎక్కువగా బయటపడిన ప్రాంతాల్లో ఒకటి దాని చుట్టుపక్కలకే వస్తుంది. కోటిలింగాల, పెద్దబొంకూరు, ధూళికట్ట మూడూ ఇక్కడివే. ఊరి పక్కన చేను కంటే కొంచెం ఎత్తుగా, పెంకులు, ఇటుక ముక్కలు, బూడిద కలిసిన మట్టితో ఉండే దిబ్బను ఇక్కడి జనం పాటిగడ్డ అంటారు. ఆ మట్టి సత్తువ గలదని ఎండాకాలంలో బండ్ల కొద్దీ తోలుకుపోయి చేలల్లో చల్లుకోవడం రైతులకు ఎప్పటినుంచో అలవాటు. రెండువేల ఏళ్ల కిందటి పట్నం ఎరువుగా పొలానికి చేరిందన్న మాట. అలాంటి చోట ఉంటూ ప్రాచీన నాణేలు కూడబెట్టాలని కొత్తగా మనసుపడిన మనిషికి మొదటి చిక్కు డబ్బుతో రాదు, హద్దుతో వస్తుంది. దేన్ని సేకరించాలి, ఎక్కడ ఆగాలి? మౌర్యుల కాలం నాటి ముద్రల వెండి ముక్కలా, కుషాణుల బంగారమా, రోమన్ దీనారాలా, శాతవాహనుల సీసమా? అన్నీ కావాలనుకున్న డబ్బా రెండేళ్లు తిరక్కుండానే చిల్లర సంచి అవుతుంది. అందుకే అందరూ చెప్పే సలహా ఒకటుంది: ఒక వంశాన్ని పట్టుకో, రాజుకొక నాణెం చొప్పున వరుస పూర్తి చెయ్యి. వినడానికి బాగుంటుంది. ఈ గోదావరి ఒడ్డు నాణేల చరిత్ర మాత్రం ఆ సలహాను ఒప్పుకోదు. ఇక్కడ సేకరణకు రాజు కంటే ఊరు మంచి హద్దు అని నా వాదన.

ఆ మాట అనడానికి కోటిలింగాలే మొదటి ఆధారం. గోదావరిలో పెద్దవాగు కలిసే చోట, దక్షిణపు ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో ఉందా ఊరు. 1970లలో ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ అక్కడ దొరికిన చిన్న చిన్న నాణేలను పోగుచేసి, శాసనాల పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి దృష్టికి తెచ్చారు. వాటి మీద బ్రాహ్మీ అక్షరాల్లో ప్రాకృతంలో ఉన్న పేర్లు అప్పటిదాకా ఏ పురాణంలోనూ, ఏ శాసనంలోనూ రాజుల పేర్లుగా ఎవరూ చూడనివి: గోభద, నారన, కంవాయ, సమగోప. పేర్లకు ముందు ‘రఞో’ అనే మాట, అంటే రాజుది. వాటితోపాటే శాతవాహన వంశానికి మూలపురుషుడని పురాణాలు చెప్పే సిముకుడి పేరు ‘చిముక’ రూపంలో ఉన్న నాణేలూ దొరికాయి. ఆ తర్వాత వి.వి. కృష్ణశాస్త్రి నాయకత్వంలో రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. ఇక్కడ ఆగి ఒక్క విషయం ఆలోచించాలి. ఇవే నాణేలు ఎవరో వ్యాపారి సంచిలో పడి, హైదరాబాదు మీదుగా బొంబాయి చేరి, అక్కడ ‘గుర్తు తెలియని స్థానిక రాజులు, దక్కను’ అనే చీటీ కింద అమ్ముడుపోయి ఉంటే మనకు తెలిసేదేమిటి? నాలుగు పేర్లు తెలిసేవి, అంతే. వాళ్లు ఏ నేల రాజులో, ఎవరికి ముందో ఎవరికి వెనుకో అంతుబట్టేది కాదు. శాతవాహనులకు ముందే ఈ గోదావరి ఒడ్డున తమ పేరుతో నాణెం వేయించుకోగల రాజ్యం ఒకటి ఉండేదన్న మాట చరిత్రలోకి వచ్చింది నాణెం వల్ల కొంతే. నాణెం పక్కన ‘కోటిలింగాల’ అని రాసిపెట్టిన చీటీ వల్లనే ఎక్కువ.

సేకరణ చరిత్రను మోసుకొస్తుందని అందరూ ఒప్పుకుంటారు. సేకరణ చరిత్రను వంచుతుందని ఒప్పుకునేవాళ్లు తక్కువ. తెలుగు నేల పాత నాణేలను మొదట పోగుచేసినవాళ్లు కుంఫిణీ అధికారులు. కల్నల్ కాలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివరి నుంచి ఊరూరా కైఫీయతులతోపాటు నాణేలూ రాబట్టాడు. తరవాత గుంటూరు, ఉత్తర సర్కారుల్లో కొలువు చేసిన వాల్టర్ ఇలియట్ అమరావతి శిల్పాలతోపాటు ఆంధ్ర రాజుల సీసపు బిళ్లలను సమకూర్చుకుని, చూపు దాదాపు పోయిన దశలో 1886లో దక్షిణాది నాణేల మీద పుస్తకం వేశాడు. వీళ్ల సేకరణ ఎక్కువగా కుంఫిణీ ఏలుబడిలోని నేలది. నిజాం సంస్థానం లోపల పాటిగడ్డల మీద తేలేది వాళ్ల చేతికి పెద్దగా అందలేదు. 1908లో బ్రిటిష్ మ్యూజియం తరఫున ఇ.జె. రాప్సన్ ఆంధ్ర, పశ్చిమ క్షత్రప నాణేల పట్టిక సిద్ధం చేసినప్పుడు ఆయన ముందున్న సరుకు ఇలాంటి సేకరణల నుంచి వచ్చినదే. రాప్సన్ చేసిన మంచి పని ఒకటుంది. నాణేలను రాజుల వరుసలో మాత్రమే పేర్చక, దొరికిన ప్రాంతాల వారీగా కూడా విడదీశాడు. కృష్ణా–గోదావరి జిల్లాలవి ఒక తీరు, చాందావి ఇంకో తీరు, కొల్హాపూర్‌వి వేరు, మాళ్వావి వేరు. ఆ విభజనే లేకపోతే శాతవాహనులు ఒక్కో సీమకు ఒక్కో రకం నాణెం వేశారన్న సంగతి అంత తొందరగా తేలేది కాదు. కానీ కరీంనగర్‌కు ఆ విభజనలో చోటు లేదు. ఎవరూ ఇక్కడ సేకరించలేదు కనుక, ఇక్కడ ఏమీ లేనట్టే కనిపించింది. ఆంధ్రులంటే కోస్తావాళ్లు, శాతవాహనులంటే మహారాష్ట్రవాళ్లు, మధ్యలోదంతా అడవి అనే బొమ్మ పుస్తకాల్లో అన్నాళ్లు నిలబడటంలో ఈ ఖాళీకీ పాలుంది. హైదరాబాదు సంస్థానంలో 1914లో పురావస్తు శాఖ మొదలై, గులాం యజ్దానీ హయాంలో 1940లలో మెదక్ జిల్లా కొండాపూర్‌ను తవ్వినప్పుడు ఆ ఖాళీ కొంచెం పూడింది. కరీంనగర్ వంతు వచ్చేసరికి ఇంకో పాతికేళ్లు పట్టింది.

రాజుకొక నాణెం అనే పద్ధతికి ఉన్న అసలు చిక్కు ఏమిటంటే, ఆ రాజుల జాబితా గట్టి నేల మీద లేదు. మత్స్యపురాణం లెక్క ప్రకారం ఆంధ్ర రాజులు, అంటే శాతవాహనులు, ముప్పై మంది దాకా ఉన్నారు. వాయుపురాణం ప్రతుల్లో అంతకంటే బాగా తక్కువ. సిముకుడి పేరే ఒకచోట శిశుకుడు, ఇంకోచోట సింధుకుడు అయింది. ఇవతల, పురాణాలు ఎన్నడూ ఎత్తని రాజులు నాణేల మీద ప్రత్యక్షమవుతుంటారు. 1939లో బేరార్ ప్రాంతం అకోలా జిల్లా తర్హాళాలో దాదాపు 1,600 పోటిన్ నాణేల రాశి దొరికింది. పోటిన్ అంటే రాగిలో తగరం, సీసం కలిపిన మిశ్రమం. ఆ రాశిని పరిశీలించిన వి.వి. మిరాశి అందులో కుంభ, కర్ణ, శక సాతకర్ణుల పేర్లు చదివాడు. ఈ ముగ్గురూ పురాణాల పట్టికకు బయటివాళ్లే. అంతకు అర్ధశతాబ్దం ముందు, 1888లో, చాందా జిల్లాలో ఇలాంటి రాశే దొరికింది. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. మంచిర్యాలలో రైలెక్కితే సిర్పూర్ కాగజ్‌నగర్ దాటాక వచ్చే పక్క జిల్లా. రాజుల వరుస పూర్తి చేద్దామని కూర్చున్న మనిషి ఏ జాబితాకు గళ్లు గీసుకోవాలి? ముప్పై గళ్ల పెట్టె చేయించుకుంటే సగం గళ్లు ఎన్నటికీ నిండవు. ఎందుకంటే ఆ రాజుల్లో కొందరు నాణెం వేయలేదు, కొందరు అసలు ఉన్నారో లేరో తెలియదు. దొరికిన నాణేలకేమో గళ్లు ఉండవు. నాలుగో పులుమావి, యజ్ఞ సాతకర్ణి అంటూ అంకెలు, పేర్లు వేసి అమ్మే చీటీల వెనుక ఎంత ఊహ ఉందో కొత్తగా మొదలుపెట్టినవాడికి కనపడదు. ఊరికి ఆ ఇబ్బంది లేదు. పాటిగడ్డ ఒక్కటే, దాని మీద తేలినదంతా ఒక్క గదికి చేరుతుంది. రాజు ఎవరన్నది రేపు మారినా చోటు మారదు.

రకానికి ఒక్కటి చాలు, రెండోది దండగ అనుకునే అలవాటు సేకరించేవాళ్లలో గట్టిగా ఉంది. అది ఎంత నష్టం చేయగలదో చెప్పడానికి జోగల్‌తెంబి కంటే మంచి సాక్ష్యం లేదు. 1906లో నాసిక్ దగ్గరి ఆ ఊళ్లో 13 వేలకు పైగా వెండి నాణేలు ఒక్కచోటే దొరికాయి. అన్నీ క్షహరాత రాజు నహపానుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర సాతకర్ణి తన ముద్రను తిరిగి కొట్టించాడు. నహపానుడి ముఖం మీద శాతవాహనుల కొండ గుర్తు, వెనుక వైపు ఉజ్జయిని గుర్తు. గౌతమీపుత్రుడు నహపానుణ్ణి ఓడించాడని శాసనం గొప్పగా చెప్పుకుంటే అది పొగడ్త కావచ్చు. ఓడిపోయిన రాజు సొమ్ము మూడింట రెండు వంతులు గెలిచిన రాజు ముద్రతో అంగట్లోకి తిరిగి వచ్చిందని రాశి చెబితే దాన్ని కాదనడం కష్టం. ఆ సంగతి చెప్పేది నిష్పత్తి, ఏ ఒక్క నాణెమో కాదు. రకానికొకటి చొప్పున ఏరుకునేవాడి పెట్టెలో జోగల్‌తెంబి మొత్తం రెండే నాణేలు: తిరగకొట్టనిది ఒకటి, కొట్టినది ఒకటి. మిగిలిన 13 వేలు ‘డూప్లికేట్లు’. ఊరిని హద్దుగా పెట్టుకున్నవాడికి డూప్లికేట్ అనే మాటే లేదు. ఒకే రకం నాణేలు ముప్పై వస్తే ముప్పై అని రాసుకుంటాడు, ఆ అంకె ఆయనకు సమాచారం.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది అందరికీ తోచేదే: నాణెం కాళ్లున్న వస్తువు, చేతులు మారుతూ ఎక్కడికైనా పోతుంది, దొరికిన ఊరికి దాన్ని కట్టేయడం ఎలా న్యాయం? నిజమే. పెద్దబొంకూరు తవ్వకాల్లో రోమన్ నాణేలు కూడా వచ్చాయి, అంతమాత్రాన పెద్దపల్లిలో రోమన్ టంకశాల ఉందని ఎవరూ అనరు. కానీ అన్ని లోహాలూ ఒక్క దూరం నడవవు. బంగారం, వెండి తమ విలువను తామే మోస్తాయి. ఏ రాజు బొమ్మ ఉన్నా తూకం వేసి తీసుకుంటారు కనుక సముద్రాలు దాటుతాయి. సీసం సంగతి వేరు. ఏలే రాజు ఒప్పుకుంటేనే దానికి విలువ, హద్దు దాటితే అది వట్టి సీసం. మన కాలంలో పక్క దేశపు చిల్లర ఇక్కడ టీ కొట్టులో చెల్లనట్టే. అందువల్ల సీసపు నాణేలు, పోటిన్ నాణేలు గుంపుగా ఒకచోట దొరికితే అవి అక్కడి సంతల్లో తిరిగినవని అనుకోవడం తప్పు కాదు. కొండాపూర్‌లో నాణేలు పోసే మట్టి మూసలు కూడా దొరికాయి కాబట్టి అక్కడ అది ఊహ స్థాయి దాటింది. పెద్దబొంకూరులో ఇటుక కట్టడాలు, మట్టి వరల బావులు, కమ్మరి కొలిమి ఆనవాళ్లు బయటపడ్డాయి. చేతి పనులు జోరుగా సాగిన ఊరు అది. అలాంటి ఊళ్లో రోజువారీ బేరానికి చిన్న నాణెం ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. కనుక అభ్యంతరానికి నా జవాబు వాదనను కొంచెం సన్నం చేస్తుంది: ఊరిని హద్దుగా పెట్టుకునేవాడు చవక లోహాలతో మొదలుపెట్టాలి. వెండి, బంగారం ఆ ఊరికి వచ్చిపోయిన చుట్టాలు. వాటిని వేరే పుటలో రాసుకోవచ్చు.

రెండో అభ్యంతరం చరిత్రకారుల నుంచి వస్తుంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. ఊరిని పట్టుకుంటే ఊరి అభిమానం పట్టుకుంటుంది అంటారు వాళ్లు. కోటిలింగాలలో చిముకుడి నాణేలు దొరికాయి కనుక శాతవాహనులు పుట్టింది ఇక్కడే, మొదటి రాజధాని ఇదే అని సభల్లో, పత్రికల్లో చాలాసార్లు వినిపించింది. ఎదురుగా నానేఘాట్ ఉంది. పశ్చిమ కనుమల్లో జున్నర్ దగ్గరి ఆ గుహలో సిముకుడి ప్రతిమకు పైన పేరు చెక్కించారు, ఆ వంశపు రాణి వేయించిన పెద్ద శాసనం ఉంది. శాతవాహనుల రాజధానిగా పేరుపడ్డ ప్రతిష్ఠానం కూడా అటువైపే. పైగా నాణేల మీది చిముకుడూ పురాణాల సిముకుడూ ఒక్కడేనా, కోటిలింగాల నాణేల కాలం ఎంత వెనక్కి పోతుంది అన్న వాటి మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఇక్కడ నా తూకం ఇది. రాజు పేరున్న కొన్ని నాణేలు ఒక ఊళ్లో దొరికితే ఆ రాజు మాట ఆ ఊళ్లో చెల్లిందని తెలుస్తుంది. ఆయన తొట్టెల ఎక్కడ కట్టారో తెలియదు. చిముకుడి విషయంలో అంతకు మించి అనడం నాణెం మీద మోయలేని బరువు పెట్టడమే. గోభద, నారన, కంవాయ, సమగోపుల సంగతి వేరు. వాళ్ల నాణేలు ఈ చుట్టుపక్కల గుంపుగా దొరికాయి, బయట వాళ్ల పేరెత్తినవాళ్లు లేరు. వాళ్లు ఈ ఒడ్డు రాజులని చెప్పడానికి అభిమానం అవసరం లేదు, లెక్క చాలు. చిత్రమేమిటంటే సభల్లో ఎక్కువగా వినపడేది అనుమానమున్న సిముకుడి పేరే. అనుమానం లేని నలుగురినీ తలచుకునేవాళ్లు తక్కువ. రాజుల వరుస మీద ఉన్న మోజు ఊరి అభిమానులనూ వదల్లేదన్న మాట. ఊరిని నిజంగా హద్దుగా పెట్టుకున్న సేకరణ ఆ అభిమానానికి పగ్గం వేస్తుంది, ఎందుకంటే ఏది ఎన్ని దొరికిందో అంకెలతో ముందు పెడుతుంది.

మూడోది అన్నింటికంటే బరువైనది. ఊరి పేరు ఉన్న నాణెం కావాలని అడిగేవాడు పెరిగేకొద్దీ ఆ ఊరి మీద గునపం పడుతుంది కదా? లంకెబిందెల పిచ్చి మనకు కొత్తది కాదు. అమావాస్య రాత్రి పూజలు చేసి పాత గుళ్ల గర్భాలయాలు పెళ్లగించే ముఠాల వార్తలు ఏటా చూస్తూనే ఉన్నాం. ఇప్పుడు వాళ్ల చేతికి మెటల్ డిటెక్టరు కూడా వచ్చింది. డిటెక్టరు మోగిన చోట తవ్వి తీసిన నాణెం, పొరల లోంచి ఊడిపోయిన నాణెం. దాని కింద ఏ కుండ పెంకు ఉంది, పైన ఏ ఇటుక ఉందన్న సాక్ష్యం ఆ గుంతలోనే చచ్చిపోతుంది. చట్టం సంగతి చూస్తే, బ్రిటిష్ ఇండియాలో 1878 నాటి నిక్షేపాల చట్టం, హైదరాబాదు సంస్థానంలో దాని సొంత నిక్షేపాల చట్టం, రెండింటి సారం ఒక్కటే: నేలలో దొరికింది దాచుకోకుండా ప్రభుత్వానికి చెప్పాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు దేశం దాటకూడదు, లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం చేయకూడదు. కాబట్టి పాటిగడ్డ మీద నడుస్తూ ఏరుకుని ఇంటికి తెచ్చుకుందామనే ఊహను శ్రీరాంపూర్ మనిషి మొదటి రోజే వదులుకోవాలి. అలా వదులుకున్నాక మిగిలేదేమిటి అని అడగొచ్చు. చాలానే మిగులుతుంది, సేకరణ అంటే సొంతం చేసుకోవడమే అనే అర్థాన్ని కొంచెం సడలించుకుంటే. కోటిలింగాల నాణేల వల్ల నరహరిశర్మ పేరు నిలిచింది అవి ఆయన పెట్టెలో ఉండిపోయినందుకు కాదు. చదవగలిగిన మనిషి చేతిలో పెట్టి, దొరికిన చోటు చెప్పినందుకు. పెద్దబొంకూరు, ధూళికట్టల విషయంలోనూ ఠాకూర్ రాజారాం సింగ్ వంటి స్థానికుల శ్రమే దారి చూపిందని చెబుతారు. ఇంగ్లండులో 1996లో నిక్షేపాల చట్టాన్ని కొత్తగా రాసుకుని, మరుసటి ఏడు నుంచి జనానికి దొరికిన వస్తువులను స్వచ్ఛందంగా నమోదు చేయించే పథకం పెట్టారు. వస్తువు చాలావరకు దొరికినవాడి దగ్గరే ఉంటుంది, బొమ్మ, కొలతలు, దొరికిన చోటు పట్టికకు ఎక్కుతాయి. అలా ఎక్కినవి పది లక్షలు దాటాయి. అక్కడి డిటెక్టరు సంస్కృతిని మనం దిగుమతి చేసుకోవాలని నేననను, మన పాటిగడ్డలు దానికి తట్టుకోలేవు. చోటు రాసుకోవడమే ఒక సేకరణ అని వాళ్లు గుర్తించారు, అంతవరకు తీసుకుంటే చాలు.

అంటే ఇక్కడ మొదలుపెట్టేవాడి పెట్టెలో రెండు అరలు ఉండాలి. పై అరలో చట్టబద్ధంగా కొన్న కొద్ది నాణేలు. లైసెన్సున్న వ్యాపారి దగ్గర, పాత సేకరణల నుంచి వచ్చి, పుట్టుపూర్వోత్తరాలు కాగితం మీద ఉన్నవి. అవి ఈ ఊళ్లవి కాకపోవచ్చు, శాతవాహనుల సాధారణ రకాలు అయితే చాలు, కంటికి అలవాటు పడటానికి. కింది అరలో, అసలు సేకరణలో, నాణేలు ఉండవు. మ్యూజియాల్లో, అచ్చయిన నివేదికల్లో ఈ గోదావరి ఒడ్డు నుంచి వచ్చినట్టు నమోదైన ప్రతి నాణేనికీ ఒక కార్డు ఉంటుంది. నాణేల మీద ఇలా ఊరికే మనసుపడి పని చేసినవాళ్లకు తెలుగునాట కొదవ లేదు. నిమ్స్‌లో నరాల శస్త్రచికిత్సకుడిగా పేరుపడ్డ దేమె రాజారెడ్డి అటు ఆపరేషన్ థియేటర్, ఇటు పాత నాణేలు చూసుకున్న మనిషి. పురావస్తు శాఖలో పనిచేసిన ఐ.కె. శర్మ 1980లో శాతవాహన నాణేల మీద వేసిన పుస్తకం కార్డులు రాసుకునేవాడికి ఇప్పటికీ పనికొస్తుంది.

చూడటం నేర్చుకోవడానికి ఒక మామూలు ఏనుగు నాణెం సరిపోతుంది. శాతవాహన నాణేల్లో ఎక్కువగా కనపడే రకం అది. ముందువైపు నిలబడిన ఏనుగు, తొండం పైకెత్తి ఉంటుంది. దాని వీపు మీదుగా అంచు పొడవునా బ్రాహ్మీ అక్షరాలు వంగి నడుస్తాయి. అచ్చు నాణెం కంటే పెద్దది కావడంతో అక్షరాల్లో సగం అంచు దాటి గాల్లో కలిసిపోతాయి. ఒక నాణెం మీద ‘సిరి’ మిగిలితే ఇంకోదాని మీద ‘కణిస’ మాత్రమే మిగులుతుంది. నాలుగైదు పక్కపక్కన పెడితే గానీ పూర్తి పేరు రాదు. డూప్లికేట్ దండగ కాదనడానికి ఇంకో కారణం ఇక్కడే దొరికింది చూడండి. వెనుకవైపు ఉజ్జయిని గుర్తు: కూడిక గుర్తులా రెండు గీతలు, నాలుగు కొసలకూ నాలుగు గుండ్రాలు. గుండ్రం లోపల చుక్క ఉందా, ఇంకో గుండ్రం ఉందా, ఏమీ లేదా అన్నది కూడా కార్డు మీదికి ఎక్కాలి, ఎందుకంటే ప్రాంతాన్ని బట్టి, అచ్చును బట్టి అది మారుతుంది. వాసిష్ఠీపుత్ర పులుమావి వంటివాళ్ల వెండి నాణేల దగ్గరికి వస్తే ముందు రాజు ముఖం, చుట్టూ ప్రాకృతం. వెనుక అక్షరాలు మాత్రం ప్రాకృతం కాదు. ‘మకనకు’, ‘పులుమావికు’ అంటూ చివర ‘కు’ ప్రత్యయంతో నడిచే దక్షిణాది భాష. అది తమిళానికి దగ్గరదా, తెలుగు పూర్వరూపమా అని పండితులు ఎంత వాదించుకున్నా, ఆ ‘కు’ మనం ఇవాళ ‘రాముకు, రాజుకు’ అనేటప్పుడు వాడే దానికి చుట్టమేనని విన్నవాడి చెవికి తెలుస్తూనే ఉంటుంది. ఈ పనిలో సగం కంటిది, సగం చెవిది.

సీసం దగ్గర ఒక జాగ్రత్త. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోమితే నాణెం మెరుస్తుంది. పై పొరతోపాటు అక్షరాలూ పోతాయి, రెండువేల ఏళ్లు మట్టి కాపాడినదాన్ని పది నిమిషాల్లో పులుపు తినేస్తుంది. తోమకపోయినా ప్రమాదం ఉంది. చెక్క పెట్టెల నుంచి, అట్టల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లగా బూజు పట్టినట్టయి పొడిగా రాలుతుంది. తాతల నాటి బీరువాలో భద్రంగా దాచామనుకున్న సీసపు నాణేలు పదేళ్ల తర్వాత తీస్తే సున్నపు ముద్దలుగా ఉండటానికి కారణం దొంగలూ కాదు, చెదలూ కాదు. కార్డుకు ఈ బాధ లేదు. బరువు గ్రాముల్లో రెండు దశాంశాల దాకా, అడ్డకొలత, లోహం, ఏనుగు ఏ వైపు చూస్తోంది, మిగిలిన అక్షరాలు ఏవి, ఇప్పుడు ఎక్కడ ఉంది. వీటన్నింటికంటే పైన, మొదటి వరుసలో, దొరికిన ఊరు, ఎవరు నమోదు చేశారు, ఏ ఏడు. ఆ వరుస ఖాళీగా ఉన్న నాణేన్ని కార్డుల పెట్టెలో వెనుక భాగంలో పెట్టాలి, అది చిముకుడిదైనా సరే.

ఇదంతా నీరసమైన పని, పేరున్న నాణెం అరచేతిలో పట్టుకున్న ఆనందం ఇందులో ఎక్కడుంది అని అడిగేవాళ్లుంటారు. ఆ ఆనందం తక్కువదని చెప్పను. కాకపోతే దాని ధర చూడండి. అంగట్లో పేరును బట్టి ధర ఉంటుంది, కాబట్టి నకిలీలు కూడా పేరున్న రాజులవే ఎక్కువ. మూసలో పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలం మీద సూది మొనంత బుడగలు కనపడతాయి. మామూలు ఏనుగు సీసానికి నకిలీ పోసేవాడికి కూలి కూడా గిట్టదు. ఇంకో సంగతి కూడా ఉంది. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టాక గోదావరి నీళ్లు ఎగువకు ఎగదన్ని కోటిలింగాల చుట్టూ చేరాయి. పాత పట్నం నేలకు నీటి ముప్పు గురించి పత్రికలు చాలాసార్లు రాశాయి. అటు రెండో శ్రీరాంపూర్ వైపు బొగ్గు కోసం ఓపెన్‌కాస్ట్ గనుల్లో నేల అడుగుది పైకి, పైది అడుగుకి మారిపోయింది. తవ్వి చూడాల్సిన చోట్లు ఏటా తగ్గుతుంటే, ఇప్పటికే తీసి అక్కడా ఇక్కడా అల్మారాల్లో, కవర్లలో, పాత నివేదికల వెనుక పుటల్లో చెల్లాచెదురుగా ఉన్న నాణేలను ఊరి వారీగా మళ్లీ ఒకచోట చేర్చడం ఎవరైనా ఇంట్లో కూర్చుని, కరీంనగర్ మ్యూజియానికో హైదరాబాదుకో నాలుగు సార్లు బస్సెక్కి చేయగల పని. మొదటి కార్డు మీద రాయాల్సిన ఊరి పేరు ఎలాగూ తెలిసిందే. రెండో దానికి పెద్దబొంకూరు, మూడో దానికి ధూళికట్ట, ఆ తర్వాత కాల్వశ్రీరాంపూర్ చుట్టుపక్కల పాటిగడ్డ అని జనం పిలిచే దిబ్బలు ఎన్ని ఉన్నాయో ఊరి పెద్దలను అడిగి రాసుకున్న జాబితా, నాణేల గడి ఖాళీగా వదిలేసి.